ఎండ రాని గదిలో డేలైట్

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నా వయసు 24. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఒక ఎలక్ట్రికల్ షాపులో పనిచేస్తున్నాను. హోటల్ రిసెప్షన్ ఉద్యోగాలకి ప్రయత్నిద్దామని రాత్రిపూట స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకి వెళ్తున్నాను. మా షాపులో రోజుకి ఇరవైసార్లు వినపడే మాట 'డేలైట్'. డేలైట్ బల్బు అంటే తెల్ల లైటు అని చెప్పి అమ్ముతుంటాను. మొన్న ఒక పెద్దాయన ఫ్యాన్ బిల్లు చూసి 'దిస్ ఈజ్ డేలైట్ రాబరీ' అన్నారు. డేలైట్ బల్బు ఏదో పోయిందంటున్నారనుకుని 'నో సర్, నో బల్బ్ మిస్సింగ్' అన్నాను. షాపులో అందరూ నవ్వారు. ఆ రాత్రి ఫోన్లో డిక్షనరీ తీస్తే ఆ ఒక్క మాట కిందే బోలెడు అర్థాలున్నాయి. తెల్లవారడం అట, మధ్యలో ఖాళీ అట, ఇంకా సీ డేలైట్, లివింగ్ డేలైట్స్, డేలైట్ సేవింగ్ టైమ్. చూసేసరికి టెన్షన్ వచ్చేసింది. సన్‌లైట్‌కీ డేలైట్‌కీ తేడా ఏమిటో కూడా తెలియలేదు. ఇవన్నీ బట్టీ పట్టాలా? మీ అబ్బాయిలాంటివాణ్ణి, నన్ను నువ్వు అనే రాయండి.

జవాబు: బాబూ, ముందు ఆ నవ్విన సంగతి మనసులోంచి తీసెయ్. నీకు రోజూ తెలిసిన అర్థంతోనే ఆ మాటని పట్టుకోబోయావు. భాష నేర్చుకునేవాళ్ళు ఎవరైనా చేసేది అదే. పైగా ఒక కస్టమర్ ఇంగ్లిష్‌లో విసుక్కుంటే బెదిరిపోయి నిలబడిపోకుండా ఇంగ్లిష్‌లోనే జవాబిచ్చావు. రిసెప్షన్ బల్ల వెనక నిలబడాలనుకునే మనిషికి ముందు కావలసిన ధైర్యం అదే. అది నీ దగ్గర ఉంది.

బట్టీ వద్దు. డిక్షనరీలో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేసి ఉంటాయి కాబట్టి అవన్నీ దేనికవే అనిపిస్తాయి. నేను ముప్ఫై ఏళ్ళు ఈ ఊళ్ళోనే ఇంగ్లిష్ పాఠాలు చెప్పాను. ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా పిల్లలకి చెప్పేది ఒకటే: అర్థాలు లెక్కపెట్టకండి, ముందు బొమ్మ చూడండి. డేలైట్ వెనక ఉన్న బొమ్మ ఏమిటంటే, చీకటి విడిపోయి ఏది ఎక్కడుందో కంటికి కనిపించడం. అంతే. అది గట్టిగా పట్టుకుంటే నువ్వు భయపడ్డ అర్థాలన్నీ దాని చుట్టాలేనని తెలుస్తుంది.

సన్‌లైట్ తేడాతో మొదలుపెడదాం, ఎందుకంటే ఆ తేడా నీకు తెలుగులో ఎప్పుడో తెలుసు. అద్దె ఇల్లు చూడడానికి వెళ్తే ఓనరుగారు ఏమంటారు? "ఎండ పడదండీ, వెలుతురు మాత్రం బాగా వస్తుంది" అంటారు. ఎండ సన్‌లైట్. వెలుతురు డేలైట్. ఆ ఓనరుగారి మాటే ఇంగ్లిష్‌లో 'నో డైరెక్ట్ సన్‌లైట్, బట్ ప్లెంటీ ఆఫ్ డేలైట్'. రేపు హోటల్లో గెస్టుకి గది చూపిస్తూ నువ్వు చెప్పవలసి వచ్చే వాక్యం కూడా సరిగ్గా ఇదే.

సూర్యుడి దగ్గర నుంచి నేరుగా వచ్చి పడి, గోడ మీద కిటికీ ఊచల నీడ గీసేది సన్‌లైట్. అదే కాంతి గాలిలో చెదిరి, మబ్బుల్లోంచి వడకట్టుకుని, ఎదురింటి సున్నం గోడకి తగిలి మన వరండాలోకి వస్తుంది. నేరుగా వచ్చింది, ఇలా చుట్టుతిరిగి వచ్చింది, అంతా కలిపితే డేలైట్. వాయుగుండం పట్టిన రోజు పొద్దున్నే బీచ్ రోడ్డు మీదికి వెళ్ళి చూడు. సూర్యుడి జాడ ఉండదు. సముద్రమూ ఆకాశమూ ఒకటే బూడిదరంగులో కలిసిపోయి ఉంటాయి. మనిషికి నీడ కూడా పడదు. అయినా ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన కురుసుర సబ్‌మెరైన్ రోడ్డు అవతల నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తుంది, అలలు లెక్కపెట్టొచ్చు, పేపరు చదువుకోవచ్చు. ఆ రోజు సన్‌లైట్ లేదు. డేలైట్ ఉంది.

సన్‌షైన్ అని ఇంకో మాట కూడా ఉంది. అందులో ఎండతో పాటు హాయి కలిసి ఉంటుంది. చలిదేశాల్లో ఎండ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళ నోట పెరిగిన మాట అది. మనకైతే శీతాకాలం నీరెండ దానికి దగ్గర. మే నెలలో గాజువాక బస్టాపులో నిలబడి సన్‌షైన్ అనకు, అక్కడ 'ది సన్ ఈజ్ వెరీ స్ట్రాంగ్' అంటే చాలు.

ఈ మాటకి ప్రాణం రంగుల దగ్గర ఉందని నాకు అనిపిస్తుంది. మా అమ్మ జగదాంబ వైపు చీరలు కొనడానికి వెళ్తే, నచ్చిన చీర మడత విప్పి, కొంగు చివర రెండు వేళ్ళతో పట్టుకుని షాపు గుమ్మం దాకా నడిచి వచ్చేది. సేల్స్ కుర్రాడు రెండో చివర పట్టుకుని వెనకాలే వచ్చేవాడు. లోపల ట్యూబులైట్ల కింద నేరేడు పండు రంగులో ఉన్నది గుమ్మంలోకి వచ్చేసరికి ముదురు నీలం అయ్యేది. అమ్మ ఏమీ అనేది కాదు, చీర మడతపెట్టి ఇచ్చేసి ఇంకోటి తీయించేది. ఇంగ్లిష్‌లో అమ్మ చేసిన పనికి మాట 'షీ లుక్డ్ ఎట్ ఇట్ ఇన్ డేలైట్'. చూశావా, ముందు 'ఎ' రాలేదు. వెలుతురుని లెక్కపెట్టం కదా. తెలుగులో 'గదిలో ఒక వెలుతురు ఉంది' అని ఎవరూ అనరు. ఇంగ్లిష్‌లోనూ 'ఎ డేలైట్' అనరు. 'సమ్ డేలైట్', 'లిటిల్ డేలైట్', 'ప్లెంటీ ఆఫ్ డేలైట్' అంటారు. వ్యాకరణం ఇంతే, దీని గురించి ఇంకేమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు నీ షాపు సంగతి. నువ్వు అమ్మే కూల్ డేలైట్ బల్బు పెట్టె తిప్పి చూడు. సాధారణంగా 6500 అని అంకె, పక్కన 'కె' అని ఉంటుంది. అది కెల్విన్, వేడిని కొలిచే ఒక కొలత. లైటు రంగుకి వేడి కొలత ఎందుకు అంటావా? కమ్మరి కొలిమి గుర్తుచేసుకో. ఇనుము కాస్త వేడెక్కితే ఎర్రగా ఉంటుంది, ఇంకా ఎక్కితే నారింజ, ఆ తర్వాత పసుపు, తెలుపు. మన స్టీల్ ప్లాంట్‌లో పనిచేసేవాళ్ళకి ఈ వరస రోజూ కళ్ళెదురుగా ఉండేదే. ఇనుము కరిగిపోకుండా ఉంటుందనుకుని ఊహలో ఇంకా ఇంకా వేడి చేస్తూ పోతే తెలుపులోకి నీలం ఛాయ వస్తుంది. సుమారు 6500 కెల్విన్ దగ్గర వచ్చే రంగు, మిట్టమధ్యాహ్నం ఆకాశమంతా కలిపి మన మీద కురిపించే వెలుతురు రంగుకి దగ్గరగా ఉంటుంది. అందుకే దానికి డేలైట్ అని పేరు పెట్టారు. టీవీలూ కంప్యూటర్ తెరలూ తయారుచేసేవాళ్ళకి కూడా తెలుపు అంటే ఏమిటో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఇంచుమించు ఈ అంకే.

వార్మ్ వైట్ పెట్టె మీద 2700 గానీ 3000 గానీ ఉంటుంది. అంకె తక్కువ ఉన్నదాన్ని వార్మ్ అనీ, ఎక్కువ ఉన్నదాన్ని కూల్ అనీ అంటారేమిటని కస్టమర్లు అడిగితే తికమక పడకు. అంకె కొలిమి వేడిది. వార్మ్, కూల్ అనేవి మన కంటికి కలిగే భావం: పసుపు చూస్తే దీపం గుర్తొచ్చి వెచ్చగా అనిపిస్తుంది, నీలం ఛాయ చూస్తే చల్లగా అనిపిస్తుంది. అసలైన డేలైట్ మాత్రం పెట్టెలోని బల్బులా రోజంతా ఒకే అంకె మీద నిలబడదు. పొద్దున్నే సముద్రంలోంచి సూర్యుడు పైకి వచ్చే వేళ దాని రంగు నీ వార్మ్ వైట్ బల్బు దగ్గర ఉంటుంది. నడినెత్తి మీదికి వచ్చిన సూర్యుడిది సుమారు 5500. మబ్బు పట్టితే 6500 చుట్టుపక్కల. నిర్మలమైన ఆకాశం కింద, చెట్టు నీడలో అయితే ఇంకా పైకి పోతుంది. నీ కస్టమర్‌కి 'ఇది మధ్యాహ్నం వెలుతురులా ఉంటుందండీ, అది సాయంత్రం వెలుతురులా ఉంటుంది' అని చెప్పు. పసుపు, తెలుపు అని చెప్పడం కంటే ఇది వాళ్ళకి బాగా అందుతుంది. పిల్లలు చదువుకునే బల్లకి మొదటిది, పడగ్గదికి రెండోది తీసుకోమని నా సలహా.

డేలైట్ అంటే వెలుతురే కాక, వెలుతురు వచ్చే వేళ కూడా. మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వచ్చి బుట్టలు దించేటప్పటికి ఇంకా మొహాలు తెలియవు. వేలంపాట కేకలు వినపడతాయి గానీ పాడేదెవరో కనపడరు. 'చీకటితోనే వెళ్ళాలి, లేకపోతే మంచి చేప దొరకదు' అంటారు కొనేవాళ్ళు. ఆ 'చీకటితోనే' ఇంగ్లిష్‌లో 'బిఫోర్ డేలైట్'. చూడు, మనం చీకటి వైపు నుంచి చెప్పాం, వాళ్ళు వెలుతురు వైపు నుంచి చెప్పారు. గడియ మాత్రం ఒకటే. తెల్లవార్లూ పనిచేశాం అనడానికి 'టిల్ డేలైట్' అంటారు. పార్కుల బోర్డుల మీద 'డేలైట్ అవర్స్' అని కనపడితే వెలుతురు ఉన్నంతసేపు అని.

ఇక నిన్ను ఇబ్బంది పెట్టిన రాబరీ. దానికి ముందు 'ఇన్ బ్రాడ్ డేలైట్' తెలియాలి. మన తెలుగు పేపర్లో 'పట్టపగలు' అని పడే ప్రతిచోటా ఇంగ్లిష్ పేపర్లో పడే మాట ఇది. పట్టపగలు ఎలా వచ్చిందో స్కూల్లో సంధుల పాఠంలో చదివే ఉంటావు. పగలు, పగలు అని రెండుసార్లు అన్నాం. మొదటి పగలులో చివరి అక్షరాలు పోయి జంట టకారం వచ్చి కూర్చుంది. మొట్టమొదట, చిట్టచివర, నట్టనడుమ, బట్టబయలు అన్నీ ఇలా పుట్టినవే. తెలుగు తన మాటనే రెట్టించి బలం తెచ్చుకుంది, ఇంగ్లిష్ పక్కన 'బ్రాడ్' అని చేర్చి తెచ్చుకుంది. ఇక్కడ బ్రాడ్ అంటే వెడల్పు అని చూడకు. విప్పారిన, ఏ దాపరికమూ లేని వెలుగు. నాకు పట్టపగలు అనే మాట అంటే ఎంతో ఇష్టం. ఆ 'ట్ట' దగ్గర నోరు నొక్కి పలకగానే ఎండ ఫెళ్ళున కాస్తున్నట్టే ఉంటుంది.

దొంగ మామూలుగా చీకట్లో వస్తాడు. పట్టపగలు, నలుగురి కళ్ళెదుటే దోచేస్తే దాన్ని ఏమనాలి? అదే డేలైట్ రాబరీ. ఎవరి జేబూ కొట్టనక్కర్లేదు, ధర మరీ ఎక్కువ అనిపిస్తే చాలు, ఆ మాట అనేస్తారు. మనం 'ఇదేం నిలువు దోపిడీ అండీ' అంటాం చూడు, సరిగ్గా అది. బ్రిటన్ వాళ్ళ అలవాటు ఇది. అమెరికాలో 'హైవే రాబరీ' అంటారు. ఆ పెద్దాయన నిన్ను దొంగ అనలేదు బాబూ, ఫ్యాన్ ఖరీదు మీద కోపం చూపించారు. ఈసారి ఎవరైనా అంటే తొణక్కుండా, 'ఐ అండర్‌స్టాండ్, సర్. లెట్ మి ఎక్స్‌ప్లెయిన్ ది బిల్' అని పన్ను ఎంత, ఫిట్టింగ్ ఛార్జీ ఎంత విడివిడిగా చూపించు. నువ్వు మాత్రం ఈ మాట ఇంటర్వ్యూలో గానీ, గెస్టులతో గానీ అనకు. స్నేహితుల మధ్య చెల్లుతుంది, డ్యూటీలో దురుసుగా ఉంటుంది.

దీని మీద ఒక కథ నీ కంట పడొచ్చు. ఇంగ్లండ్‌లో 1696లో ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత అని పన్ను వేశారు. పన్ను తప్పించుకోవడానికి జనం కిటికీలు ఇటుకలతో మూసేసుకున్నారు. 1851 దాకా ఆ పన్ను సాగింది. అంతవరకు నిజం, అలా పూడ్చిన కిటికీలు పాత ఇళ్ళకి ఇప్పటికీ ఉన్నాయి. వెలుతురు దోచుకున్నారు కాబట్టి డేలైట్ రాబరీ అన్నారని ఆ తర్వాత కలిపి చెబుతారు. వినడానికి ఎంతో బాగుంటుంది గానీ దానికి ఆధారం లేదు. ధర ఎక్కువ అనే అర్థంలో ఈ మాట అచ్చులో కనపడేది ఆ పన్ను పోయిన చాలా ఏళ్ళకి. మాటల పుట్టుక గురించి మరీ అందంగా కుదిరిన కథ వింటే ఒక నిమిషం ఆగి చూడమని నా విద్యార్థులందరికీ చెబుతుంటాను, నీకూ అదే చెబుతున్నాను.

'సీ డేలైట్' నేర్చుకోవడానికి అరకు రైలుని మించిన పాఠం లేదు. ఎప్పుడో ఒకసారి ఎక్కే ఉంటావు. శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలవుతాయి. రైలు లోపలికి దూరగానే పెట్టెలో పిల్లలందరూ కేకలు పెడతారు. కిటికీ ఊచ పట్టుకున్న చెయ్యి కూడా కనపడదు, చల్లగాలితో పాటు తడి రాతి వాసన వస్తుంది. కాసేపటికి బయట రాతిగోడ మీద ఒక గీత తెల్లబడుతుంది. తర్వాత రాళ్ళ అంచులు. ఆ తర్వాత ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహాలు. ఇంకా సొరంగంలోనే ఉన్నాం, కానీ బయటపడబోతున్నామని అందరికీ తెలిసిపోతుంది. ఆ గీత తెల్లబడ్డ క్షణమే సీ డేలైట్. తెమలదనుకున్న పని కొలిక్కి వస్తున్నప్పుడు 'వి ఆర్ బిగినింగ్ టు సీ డేలైట్' అంటారు. అప్పులు తీరే రోజు దగ్గరపడినా అదే మాట. మనం ఒడ్డున పడుతున్నాం, గట్టెక్కుతున్నాం అంటాం. సముద్రం పక్కన బతికేవాళ్ళం, మనకి ఒడ్డే గుర్తొస్తుంది. ఎంతకీ బుర్రకెక్కని లెక్క హఠాత్తుగా తెలిసినా సీ డేలైట్ అనొచ్చు. దీనికి బాగా దగ్గరగా ఉండే ఇంకో మాట 'సీ ది లైట్ ఆఫ్ డే'. అది వేరు. ఎక్కడో మూల పడి ఉన్నది బయటికి రావడం, పుస్తకం అచ్చవడం, మన పేపర్లు రాసే 'వెలుగులోకి రావడం'. ఈ రెండూ కలిపెయ్యకు.

మధ్యలో ఖాళీ అనే అర్థం చూసి ఆశ్చర్యపోయి ఉంటావు. తలుపు మూసినా సందులోంచి వెలుతురు గీత లోపలికి వస్తుందే, అదే. రెండు వస్తువులు పూర్తిగా ఆనుకుని ఉంటే మధ్యలోంచి వెలుతురు రాదు. కాస్త ఎడమైతే వస్తుంది. గుర్రప్పందేల్లో, పడవ పందేల్లో ముందున్నదానికీ వెనకున్నదానికీ మధ్య వెలుతురు కనపడితే ముందున్నది పూర్తిగా ముందుకు వెళ్ళిపోయింది అన్నమాట. రాజకీయ వార్తల్లో దీన్ని ఎక్కువగా చూస్తావు. 'దేర్ ఈజ్ నో డేలైట్ బిట్వీన్ ది టూ లీడర్స్' అంటే ఆ ఇద్దరి మధ్య వెలుతురు లేదని, అంటే ఏదో చీకటి వ్యవహారం ఉందని అనుకుని ఒక విద్యార్థి నా క్లాసులో మంచి వ్యాసమే రాసేశాడు. అసలు అర్థం దానికి ఎదురు: ఇద్దరిదీ ఒకే మాట, పొరపొచ్చాలు లేవు. ఇలాంటి చోటే బొమ్మ ఆదుకుంటుంది. తలుపు సందు గుర్తుచేసుకుంటే పొరపడవు.

లివింగ్ డేలైట్స్ దగ్గర మాత్రం 'ఎస్' వస్తుంది, ఎందుకంటే అక్కడ డేలైట్స్ అంటే కళ్ళు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్ వీధుల్లో కళ్ళని అలా అనేవాళ్ళు. నీ డేలైట్స్ చీకటి చేస్తా అంటే కొట్టి కళ్ళు కనపడకుండా చేస్తానని బెదిరింపు. మనం 'కళ్ళు బైర్లు కమ్మేలా కొట్టాడు' అంటాం కదా. ఆ తర్వాత కళ్ళు అనే అర్థం మరుగునపడి, మనిషిలో ఉన్న ప్రాణం, స్పృహ అన్న భావం మిగిలింది. ఇప్పుడు ఒకే అచ్చులో వస్తుంది: 'ఇట్ స్కేర్డ్ ది లివింగ్ డేలైట్స్ అవుట్ ఆఫ్ మి'. పై ప్రాణాలు పైనే పోయాయి అని. స్కేర్ బదులు ఫ్రైటెన్ గానీ బీట్ గానీ రావచ్చు, మిగతాదంతా అలాగే ఉంచాలి. విన్నప్పుడు తెలిస్తే చాలు, ఇంటర్వ్యూలో దీనితో పని లేదు.

పని ఉన్నది డేలైట్ సేవింగ్ టైమ్‌తో. హోటల్లో చేరితే విదేశీ గెస్టులు నిన్ను తప్పకుండా అడుగుతారు, కాబట్టి కాస్త ఓపికగా చదువు. భూమధ్యరేఖకి బాగా దూరంగా ఉన్న దేశాల్లో వేసవికీ చలికాలానికీ పగటి పొడుగు విపరీతంగా మారుతుంది. లండన్‌లో జూన్‌లో పగలు పదహారున్నర గంటలు ఉంటుంది, డిసెంబర్‌లో ఎనిమిది గంటలు కూడా ఉండదు. వేసవిలో జనం నిద్ర లేవకముందే గంటల కొద్దీ వెలుతురు వృథా అవుతోందని, గడియారాన్ని కాస్త ముందుకు జరిపితే సాయంత్రం ఆ వెలుతురు వాడుకోవచ్చని ఆలోచించారు. డేలైట్ సేవింగ్ టైమ్ అంటే అదే. న్యూజిలాండ్‌లో పురుగుల మీద పరిశోధన చేసే జార్జ్ హడ్సన్ 1895లో ఈ మాట అన్నాడు. సాయంత్రం పని అయ్యాక పురుగులు పట్టుకోవడానికి ఆయనకి వెలుతురు కావలసి వచ్చింది. ఇంగ్లండ్‌లో ఇళ్ళు కట్టించే విలియమ్ విల్లెట్ 1907 నుంచి దీని కోసం పట్టుబట్టాడు. దేశం మొత్తం మీద అమలు చేసింది మాత్రం ముందు జర్మనీ, మొదటి ప్రపంచయుద్ధంలో బొగ్గు ఆదా చేసుకోవడానికి, 1916 ఏప్రిల్ 30న. మనదేశంలోనూ రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో 1942 నుంచి 1945 దాకా గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు. అది యుద్ధం కోసం చేసిన ఏర్పాటు, యుద్ధం అయిపోగానే మళ్ళీ వెనక్కి తిప్పేశారు.

మన ఊళ్ళో పగలు జూన్‌లో సుమారు పదమూడు గంటలు, డిసెంబర్‌లో పదకొండు. రెండు గంటల తేడాకి గడియారాలు తిప్పుకునే అవసరం మనకి లేదు. పైగా గడియారం విషయంలో విశాఖ అదృష్టవంతురాలు. దేశానికంతటికీ టైము లెక్కగట్టే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దానికి కొంచెం తూర్పున ఉన్నాం, సగటున మూడు నిమిషాల తేడా. అంటే మన గోడ గడియారమూ మన సూర్యుడూ ఇంచుమించు ఒకే మాట మీద ఉంటారు. అరుణాచల్‌లోనో గుజరాత్‌లోనో ఉన్నవాళ్ళకి ఈ వీలు లేదు.

కౌంటర్ దగ్గర నీకు అక్కరకొచ్చేవి ఇవి. లండన్ మనకంటే చలికాలంలో ఐదున్నర గంటలు వెనక, వేసవిలో నాలుగున్నర. అక్కడ మార్చి చివరి ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి. న్యూయార్క్ చలికాలంలో పదిన్నర గంటలు వెనక, వేసవిలో తొమ్మిదిన్నర. వాళ్ళు మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం మారుస్తారు. రెండు దేశాల తేదీలూ ఒకటి కావు, మార్చిలో రెండుమూడు వారాలు జాగ్రత్తగా ఉండాలి. ఇంటికి ఫోన్ చేసుకోవాలని ఒక అమెరికన్ ముసలావిడ వచ్చి అక్కడ ఇప్పుడెంతయిందని అడిగితే, నువ్వు వేలు మడిచి సరిగ్గా చెప్పగలిగితే ఆవిడ నిన్ను మరిచిపోదు. ఇంకో చిన్న సంగతి: అది 'సేవింగ్', చివర 'ఎస్' లేదు. ఇంగ్లిష్ వాళ్ళే చాలామంది 'సేవింగ్స్' అనేస్తుంటారు. నువ్వు సరైనదే అలవాటు చేసుకో.

ఎలా చదవాలి అని కూడా అడిగినట్టే కదా. ఒక నోట్‌బుక్ తీసుకో, మాటకి ఒక పేజీ ఇవ్వు. ఎడమవైపు తెలుగు అర్థం రాయకు. ఆ మాట పక్కన ఎవరు నిలబడుతున్నారో రాయి: ఇన్ బ్రాడ్, ప్లెంటీ ఆఫ్, బిఫోర్, సీ, బిట్వీన్, సేవింగ్. మాటలు చుట్టాలతో కలిసే తిరుగుతాయి, ఒంటరిగా పట్టుకుంటే జారిపోతాయి. ప్రతిదాని కిందా నీ రోజులోంచి ఒక వాక్యం రాయి, డిక్షనరీలోంచి వద్దు. షాపు షట్టర్ ఎత్తినప్పుడు లోపలికి ఎంత దూరం వెలుతురు వస్తుంది, ఏ అరల దాకా అందదు, కస్టమర్ వైరు రంగు తెలియక దాన్ని బయటికి తీసుకెళ్ళి చూసుకుంటాడా? రాత్రి క్లాసు నుంచి వచ్చి పడుకుని ఎన్నింటికి లేస్తున్నావు, అప్పటికి తెల్లవారిందా? నీ గదికి కిటికీ ఎటువైపు ఉంది?

అలా ఆరు వాక్యాలు రాసి నాకు పంపు. తప్పులుంటే ఉండనీ, ఎర్ర సిరాతో దిద్ది ఈ శీర్షికలోనే జవాబు ఇస్తాను.